రామన్ గారి సెలవులు, లోకసుందరి గారి ప్రయాణాలు

దసరా సెలవులొచ్చాయంటే చాలు, మన విశాఖలో బెంగాలీ మాటలు వినబడతాయి. బీచ్ రోడ్డులో వాళ్లే, సింహాచలం కొండ మీద వాళ్లే. అరకు రైల్లో అయితే మనకు సీటు దొరకదు. చలి మొదలవకముందే కోతిటోపీలు పెట్టుకుని, చంకలో పిల్లాణ్ని, భుజాన ఫ్లాస్కుని వేసుకుని భార్యాభర్తలిద్దరూ ఎంచక్కా తిరుగుతూ ఉంటారు. పూజ సెలవులకు ఊరు వదలకపోతే వాళ్లకు పండగ చేసుకున్నట్టే ఉండదు. వాళ్లని చూసినప్పుడల్లా మా గాజువాక ఆడవాళ్లకి ఒకటే నిట్టూర్పు. సముద్రం మన ఇంటి వెనకే ఉంది, యారాడ కొండ వంటింటి కిటికీలోంచి కనబడుతుంది, అప్పికొండ సోమేశ్వరుడు పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాడు. అయినా కార్తీకమాసంలో ఒక వనభోజనానికీ, వేసవిలో ఒక పుట్టింటి ప్రయాణానికీ తప్ప శ్రీవారు కదలరు. ఇంటికొక షిఫ్టు డ్యూటీ ఉన్న ఊరు మనది. ఎ షిఫ్టయితే మధ్యాహ్నం నిద్ర, సి షిఫ్టయితే పొద్దున్న నిద్ర. ఇక సెలవు దొరికిన రోజున స్కూటరు బాగుచేయించుకోవాలి!

అలా నిట్టూర్చేవాళ్ల కోసమే ఈ కథ. కలకత్తా నుంచి సెలవులకని వాల్తేరు వచ్చి, సముద్రం ఒడ్డున కూర్చుని లెక్కలు వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. మూడేళ్లు తిరక్కుండా ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయనే సర్ చంద్రశేఖర వెంకట రామన్. ఆయన గురించి స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం అంటే ఆయన పేరే చెబుతాం. కానీ ఆయన పక్కన 63 ఏళ్లు నడిచిన ఇల్లాలు లోకసుందరి గారి పేరు మనలో ఎంతమందికి తెలుసు? సెలవంటే ఏమిటో తెలియని మనిషితో కాపురం చేస్తూ, ఆయన వెంట ఊళ్లూ సముద్రాలూ దాటిన మనిషి ఆవిడ. అందుకే రామన్ గారి జీవితాన్ని ఈసారి ప్రయోగశాల వైపు నుంచి కాకుండా ప్రయాణాల వైపు నుంచి చూద్దాం.

రామన్ పుట్టింది 1888 నవంబర్ 7న, తిరుచిరాపల్లిలో. పెరిగింది మాత్రం మన ఊళ్లోనే. తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారికి 1892లో విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్లయినా నిండని పిల్లాడితో సహా కుటుంబమంతా ఇక్కడికి వచ్చేసింది. ఆ కాలేజీ పూర్తి పేరు మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ. ఇప్పటికీ పాతనగరంలో ఉంది. ఊళ్లో ఎన్ని కాలేజీలున్నా పేరు ముందు మిసెస్ అని ఉన్న కాలేజీ ఇంకోటి నాకైతే తెలీదు! దాని ముందు నుంచి బస్సులో వెళ్లేటప్పుడు నేను ఆ పేరు కోసమైనా ఒకసారి తలతిప్పి చూస్తాను.

తండ్రికి ఫిజిక్సుతో పాటు వయొలిన్ మీద కూడా ప్రాణం. ఇల్లంతా పుస్తకాలు, సంగీతం. బడి సెయింట్ అలోషియస్. ఆటల్లో వెనకబడేవాడు గానీ చదువులో ఎవరికీ అందేవాడు కాదు. ఒంట్లో బాగోలేక మంచం మీద ఉన్నప్పుడు కూడా విద్యుత్తును నిలవచేసే లైడెన్ జాడీ ఎలా పనిచేస్తుందో చూపించమని తండ్రి ప్రాణం తీశాడట. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ అయిపోయింది, పదమూడేళ్లకు ఎఫ్.ఏ. ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. అంటే ఊహ తెలిసిన దగ్గర్నుంచి మీసాలు మొలిచేదాకా ఆయన కళ్లెదుట ఉన్నది మన బంగాళాఖాతమే. రంగులు మారే ఆ నీళ్ల గురించి పెద్దయ్యాక ఆయన చేసిన పని చూస్తే, దానికి బీజం ఇక్కడే పడిందని నాకు గట్టి నమ్మకం. మన ఊరి మీద అభిమానం కొద్దీ అంటున్నానని మీరు అనుకున్నా సరే!

పెళ్లి కథ సినిమాలో పెట్టుకోవచ్చు. 1907 నాటి మాట. రామన్‌కు పద్దెనిమిదేళ్లు. ఎం.ఏ. అయింది, ఫైనాన్సు శాఖ పరీక్షలో అందరికంటే ముందు వచ్చాడు. మద్రాసులో రామస్వామి శివన్ అనే స్నేహితుడి ఇంటికి వెళ్తే లోపల ఎవరో అమ్మాయి వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తోంది. ఖరహరప్రియ రాగం. రాముడికి సాటి ఎవరని అడిగే కీర్తన అది. మన తెలుగు కీర్తన ఒక తమిళ అమ్మాయి వేళ్ల మీదుగా ఒక తమిళ అబ్బాయి మనసులోకి వెళ్లిందన్నమాట. ఆ అమ్మాయే లోకసుందరి. 1892లో పుట్టింది, మదురై వాళ్లు. శాఖ వేరని పెద్దవాళ్లు కొందరు ముఖం చిట్లించారు, పెళ్లికొడుకు తల్లి పార్వతి అమ్మాళ్ గారికి అసలు ఇష్టం లేదు. తండ్రి మాత్రం కొడుకు పక్షమే. పిల్లాడు కట్నం అక్కర్లేదన్నాడు. జాతకాల పట్టింపూ లేదు. 1907 మే 6న పెళ్లయింది.

కట్నం లేకుండా చేసుకున్నందుకు ఆయన్ని మెచ్చుకుందాం. అయితే అప్పట్లో ఫైనాన్సు శాఖలో పెళ్లయిన ఆఫీసర్లకు నెలకు 150 రూపాయల అదనపు భత్యం ఇచ్చేవాళ్లు. ఆయన మనసుపడింది వీణ మీదనా, భత్యం మీదనా అని ఆ తర్వాత వేళాకోళంగా అనుకునేవారట.

పెళ్లయిన కొద్ది రోజులకే కలకత్తాలో ఉద్యోగం. వీళ్ల మొదటి ప్రయాణం అదే. తూర్పుకోస్తా రైలు మార్గం అప్పటికే ఏర్పడింది. మద్రాసు నుంచి కలకత్తాకు రైలెక్కితే వాల్తేరు మీదుగానే వెళ్లాలి. ఆయన పెరిగిన ఊరు ఆ దారిలోనే ఉంది. తర్వాత పాతికేళ్లలో పుట్టింటికీ అత్తింటికీ ఆవిడ చేసిన రైలు ప్రయాణాల్లో మన స్టేషను ఎన్నిసార్లు దాటి ఉంటుందో లెక్కలేదు.

కలకత్తాలో దిగేసరికి ఆవిడకు పదిహేనేళ్లు. బెంగాలీ రాదు, హిందీ రాదు, చుట్టాలు లేరు. మొగుడా, దిగిన కొన్నాళ్లకే ట్రాములో ఆఫీసుకు వెళ్తూ బౌబజార్ వీధిలో 210వ నంబరు భవనం మీద ఒక బోర్డు చూశాడు. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్. దిగిపోయి లోపలికి వెళ్లాడు. అంతే, ఇక మనిషి ఇంటికి దక్కలేదు! తెల్లవారుజామున ఐదున్నరకు ప్రయోగశాలకు వెళ్లిపోవడం, పావుతక్కువ పదికి ఇంటికొచ్చి గబగబా స్నానం, భోజనం, ఆలస్యమైపోతోందని బండి కట్టించుకుని ఆఫీసుకు పరుగు. సాయంత్రం ఐదు గంటలకు ఆఫీసు నుంచి నేరుగా మళ్లీ ప్రయోగశాల. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నరో పదో. ఆదివారాలు పొద్దస్తమానం అక్కడే. పదేళ్లు ఇదే వరస. మన షిఫ్టు డ్యూటీలు దీని ముందు ఏపాటి చెప్పండి?

ఆ పదిహేనేళ్ల పిల్ల రోజంతా ఏం చేసేది? వంట చేసేది, వీణ వాయించేది, చుట్టుపక్కల వాళ్ల మాట వింటూ బెంగాలీ నేర్చుకుంది. ఇంటి ఖర్చు, దాపుడు అంతా ఆవిడే. ఆయనకు డబ్బు లెక్క తెలీదని కాదు, ఆఫీసులో ప్రభుత్వం లెక్కలన్నీ చూసేవాడే. ఇంట్లో లెక్క చూసే తీరిక లేదు. ఆ తర్వాత ఆయన వీణ, తంబురా తీగలు ఎందుకు అలా మోగుతాయి, మృదంగానికి అన్ని స్వరాలు ఎలా పలుకుతాయి అని పరిశోధన చేసి వ్యాసాలు రాశాడు. వాద్యాల మీద ఆయన చేసిన పని లోకంలో పెద్ద పేరు తెచ్చుకుంది. ఇంట్లో రోజూ వీణ మోగుతుంటే ఆ మాత్రం చెవిన పడకుండా ఉంటుందా?

1909లో రంగూన్ బదిలీ అయింది. బంగాళాఖాతం దాటి వెళ్లిన తొలి కాపురం అది. మరుసటి ఏడు తండ్రి పోయారు, ఆరునెలలు సెలవు పెట్టి మద్రాసు వచ్చారు. ఆ సెలవులో కూడా ప్రెసిడెన్సీ కాలేజీ ప్రయోగశాలలోనే గడిపాడు మహానుభావుడు. తర్వాత నాగపూర్, 1911లో మళ్లీ కలకత్తా. నాలుగేళ్లలో నాలుగు ఊళ్లు మారిన కాపురం అంటే ఏమిటో బదిలీల ఉద్యోగస్తుల ఇల్లాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పప్పుల డబ్బాలు సర్దడం మొదలుపెట్టగానే మళ్లీ మూటలు కట్టాలి.

1917లో ఇంకో దెబ్బ. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తామన్నారు. జీతం, వస్తున్నదానిలో దాదాపు సగం. ఫైనాన్సు శాఖలో ఉండి ఉంటే ఏనాటికైనా చాలా పెద్ద పదవి. ఎవరైనా వదులుకుంటారా? ఆయన వదులుకున్నాడు. ఆ సగం జీతంతో ఇల్లు నడిపింది మాత్రం ఆవిడ. ఈ విషయం రామన్ గారి త్యాగం కింద రాస్తారు పుస్తకాల్లో. పొదుపు చేసినవాళ్ల ఖాతాలో కూడా కాస్త వెయ్యాలి కదా.

ఇక ఓడ ప్రయాణం. 1921లో ఆక్స్‌ఫర్డులో విశ్వవిద్యాలయాల మహాసభకు రామన్ వెళ్లాడు. అప్పుడు ఒక్కడే. తిరుగు ప్రయాణం నర్కుండా అనే ఓడలో. సెప్టెంబరు నెల, మధ్యధరా సముద్రం. డెక్కు మీద అందరూ కుర్చీలు వేసుకుని గాలి పీలుస్తున్నారు. మనవాడు జేబులోంచి నికోల్ అనే పట్టకాన్ని తీసి నీళ్లను చూడ్డం మొదలుపెట్టాడు. సముద్రం నీలంగా ఎందుకుంటుంది? ఆకాశం నీడ పడి అని అప్పటికి లార్డ్ రేలీ అంతటివాడు చెప్పి ఉన్నాడు. రామన్ ఏం చేశాడంటే, నీటి మీద పడి తిరిగొచ్చే ఆకాశపు మెరుపుని ఆ పట్టకంతో ఒక వాలు నుంచి అడ్డుకున్నాడు. మెరుపు పోయింది, నీలం పోలేదు. పోకపోగా ఇంకా చిక్కబడింది! అంటే ఆ నీలం ఆకాశం అప్పిచ్చింది కాదు, నీళ్లదే. నీటి అణువులు వెలుగుని చెదరగొట్టడం వల్ల వచ్చిందని ఆయన తేల్చాడు. బొంబాయి రేవులో దిగేలోపే వ్యాసం తయారైపోయింది.

ఇది మీరూ చేసి చూడొచ్చు. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు ఉంటే చాలు, వాటిలో ఉన్నది ఆ పట్టకం చేసే పనే. ఎండగా ఉన్నప్పుడు యారాడ బీచికి వెళ్లి, నీళ్లను కాస్త ఏటవాలుగా చూస్తూ అద్దాన్ని మెల్లగా తిప్పండి. ఒకచోట తళతళ మొత్తం ఆగిపోయి లోపలి రంగు బయటపడుతుంది. పిల్లలకు చూపిస్తే భలే సంబరపడతారు. మామూలు రంగు కళ్లద్దాలైతే పనిచెయ్యవు, కొనేటప్పుడు అడిగి మరీ తీసుకోండి.

ఇప్పుడు మన వాల్తేరు సంగతి. 1927 సంవత్సరం చివర్లో రామన్ కొద్దిరోజుల సెలవు మీద ఇక్కడికి వచ్చాడు. అప్పటి వాల్తేరు ఇప్పటిలా కాదు. ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, అక్కడొకటి ఇక్కడొకటి దొరల బంగళాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంకా బెజవాడలోనే ఉంది, 1930లో గానీ ఇక్కడికి రాలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక మడచెరువుల్లో రేవు తవ్వకం సాగుతోంది, అది ఓడలకు తెరుచుకుంది 1933లో. మన గాజువాక అప్పటికి పొలాల మధ్య పల్లెటూరు. గాలి మంచిదని, సముద్రం మంచిదని బెంగాల్ నుంచి జనం వాల్తేరుకు వచ్చి నెలా రెండు నెలలు ఉండిపోయే రోజులవి.

మామూలు మనిషైతే పొద్దున్నే సముద్రస్నానం, మధ్యాహ్నం చేపో పప్పుచారో తిని నిద్ర, సాయంత్రం షికారు. ఈయన మాత్రం అమెరికా శాస్త్రవేత్త కాంప్టన్ చేసిన పని మీద కూర్చున్నాడు. ఎక్స్ కిరణాలు పదార్థాన్ని తాకి చెదిరినప్పుడు వాటిలో కొంత భాగం తరంగదైర్ఘ్యం పెరిగి బయటికొస్తుందని కాంప్టన్ చూపించాడు. ఆ ఏడే ఆయనకు నోబెల్ కూడా ఇచ్చారు. వెలుగుని రేణువులుగా భావించి కాంప్టన్ కట్టిన లెక్కనే, తరంగాల దారిలో వెళ్లి ఎలా రాబట్టాలో రామన్ వాల్తేరులో తేల్చుకున్నాడు. అక్కణ్నించి ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఎక్స్ కిరణాలకు జరిగేది మామూలు వెలుగుకు ఎందుకు జరగకూడదు? ద్రవాల్లోంచి చెదిరే వెలుగులో ఒక బలహీనమైన వేరే రంగు కనబడుతోందని ఆయన విద్యార్థులు అప్పటికి నాలుగైదేళ్లుగా చెబుతూనే ఉన్నారు. ద్రవంలో మురికి వల్లేమో అనుకుంటూ వచ్చారు. మురికి కాదని ఆయనకు గట్టిగా అనిపించింది వాల్తేరు సెలవుల తర్వాతే.

కలకత్తాకు వెళ్లగానే కె.ఎస్.కృష్ణన్‌తో కలిసి పనిలో దిగాడు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ లోకానికి తెలిసింది. వాల్తేరులో సముద్రం లేకపోతే రామన్ ఎఫెక్ట్ రాకపోయేదని నేననను. కానీ కలకత్తాలో పాఠాలు, విద్యార్థులు, సభలు, ఉత్తరాలు ఇవన్నీ లేకుండా నాలుగు రోజులు దొరికాయి చూడండి, ఆ నాలుగు రోజులు ఆయనకు ఇచ్చింది మన ఊరు.

ఆ తర్వాత రెండేళ్లు ఎదురుచూపులు. 1928 నోబెల్ వస్తుందనుకున్నాడు, రిచర్డ్‌సన్‌కు వెళ్లింది. 1929లో వస్తుందనుకున్నాడు, ద బ్రోయ్‌కు వెళ్లింది. ఆ ఏడే బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది, దాంతో లోకసుందరి గారు లేడీ రామన్ అయ్యారు. ఆ మే నెలలోనే చిన్నబ్బాయి రాధాకృష్ణన్ పుట్టాడు.

1930 జూలైలో రామన్ ఒక పని చేశాడు. ఆ డిసెంబర్‌కు స్టాక్‌హోం చేరేలా ఓడ టిక్కెట్లు కొనేశాడు. తనకొకటి, ఆవిడకొకటి! బహుమతి ఎవరికో ప్రకటించేది నవంబర్‌లో. అప్పుడు తెలిశాక బయల్దేరితే ఓడలో సమయానికి చేరలేమని ఆయన లెక్క. లెక్క సరైనదే, కానీ ఎంత ధీమా! ఈ ముచ్చట ఎవరు చెప్పినా ఆయన ఆత్మవిశ్వాసం గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ రెండో టిక్కెట్ దగ్గరే మనసు ఆగిపోతుంది. రెండుసార్లు ఆశ భంగపడ్డ మనిషి. ఈసారీ రాకపోతే నలుగురిలో నవ్వులపాలవుతాడు. ఆ నవ్వులపాటులో భార్యను కూడా కలుపుకున్నాడు. ఆవిడ చేతుల్లో ఏడాది దాటిన పసివాడు. వస్తుందో రాదో తెలియని బహుమతి కోసం, చలికాలంలో, ఏడు సముద్రాల అవతలికి ప్రయాణం. ఆవిడ స్థానంలో ఉండి ఒక్కసారి ఆలోచించండి. మనమైతే టిక్కెట్లు చూడగానే ఏమనేవాళ్లం? పెళ్లయి అప్పటికి ఇరవై మూడేళ్లు. ఇంగ్లండు, కెనడా, అమెరికా, రష్యా అన్నీ తిరిగొచ్చిన భర్త తన జీవితంలోకెల్లా పెద్ద రోజున పక్కన ఉండాలని కోరుకున్నది ఆవిణ్ని. పువ్వులూ చీరలూ కొనిచ్చే రకం కాదు ఆయన. ఆ టిక్కెట్టు చాలనిపిస్తుంది నాకు.

నవంబర్‌లో కబురు వచ్చింది. 1930 డిసెంబర్ 10న స్టాక్‌హోంలో స్వీడన్ రాజు గుస్తావ్ చేతుల మీదుగా బహుమతి అందుకున్నాడు. తలపాగా మామూలే. సైన్సులో ఆసియా ఖండానికి వచ్చిన మొదటి నోబెల్ అది. ఆ నెలలో అక్కడ మధ్యాహ్నం మూడు దాటేసరికే చీకటి పడిపోతుంది. మదురై ఎండలో పుట్టి కలకత్తా ఉక్కలో కాపురం చేసిన శాకాహారి ఇల్లాలికి ఆ చలి, ఆ విందులు ఎలా ఉండి ఉంటాయో! ఆయనకు మద్యం ముట్టే అలవాటు లేదు. మద్యసారంలో రామన్ ఎఫెక్ట్ ఎలా ఉంటుందో చూపించిన పెద్దమనిషి, తన మీద మద్యం ఎఫెక్ట్ మాత్రం చూపించలేదని అక్కడివాళ్లు సరదాగా చెప్పుకున్నారు. ఆ సభలోనే ఇంకో సంగతి జరిగింది. వెనక్కి తిరిగి చూస్తే తను కూర్చున్నది బ్రిటిష్ జెండా కింద. తన దేశానికంటూ ఒక జెండా కూడా లేదని అప్పుడు తెలిసొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎంత కోపిష్టి అని పేరున్నా మనసు అలాంటిది.

అదే 1930లో ఆ ఇంట్లోంచే ఇంకొకరు ఓడెక్కారు. రామన్ అన్నగారి కొడుకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. పందొమ్మిదేళ్ల కుర్రాడు. జూలై 31న బొంబాయిలో బయల్దేరి, కేంబ్రిడ్జి చేరేలోపు ఓడలోనే నక్షత్రాలు ఎంత బరువుకు కుప్పకూలతాయో లెక్క కట్టాడు. దానికి 1983లో నోబెల్ వచ్చింది. ఓడెక్కితే ఊరికే కూర్చోలేని వంశం కాబోలు! అయితే ఆ ప్రయాణం వెనక ఒక తల్లి ఉంది. సీతాలక్ష్మి గారు, లోకసుందరి గారి తోడికోడలు. ఇబ్సెన్ రాసిన బొమ్మరిల్లు నాటకాన్ని తమిళంలోకి మార్చిన విదుషీమణి. కొడుకు వెళ్లేటప్పటికే జబ్బుతో మంచం పట్టి ఉన్నారు. చుట్టాలు కుర్రాణ్ని ఆపాలని చూస్తే ఆవిడే పట్టుబట్టి పంపించారు. మరుసటి ఏడు ఆవిడ పోయారు, కొడుకు చివరి చూపు దక్కలేదు. ప్రయాణాలు చేసినవాళ్ల పేర్లు చరిత్రకెక్కుతాయి, పంపించినవాళ్లవి ఎక్కడో అడుగున ఉండిపోతాయి.

1933లో కాపురం బెంగుళూరుకు మారింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్లాడు. అక్కడ గొడవలు చాలా పడి 1937లో ఆ పదవి వదిలేశాడు, ప్రొఫెసరుగా కొనసాగాడు. ఆ గొడవల సంగతి పెద్ద పుస్తకాల్లో ఉంది, మనకెందుకు. బెంగుళూరు ఎండాకాలం కూడా చల్లగా ఉండే ఊరు, వేసవి విడిదికి జనం అక్కడికే వెళ్లేవారు. 1936 మేలో గాంధీగారు నంది కొండల మీద విశ్రాంతి తీసుకుంటూ ఉంటే రామన్ ఒక యూరపు జీవశాస్త్రవేత్తను వెంటబెట్టుకుని వెళ్లి చూసొచ్చాడు. కొండ మీదికి వెళ్లినా మాటలు సైన్సు గురించి, దేవుడి గురించే!

ఊళ్లు తిరిగినప్పుడల్లా ఆయన ఇంటికి తెచ్చేవి రాళ్లు. మనం సింహాచలం వెళ్తే సంపెంగలు తెస్తాం, తిరుపతి వెళ్తే లడ్డూలు తెస్తాం. ఆయన వజ్రాలు, స్ఫటికాలు, రంగులీనే ఖనిజాలు, గవ్వలు, సీతాకోకచిలుకలు పోగుచేశాడు. వజ్రాలంటే నగల్లోకి అనుకునేరు, ప్రయోగాల్లోకి. మూడొందలకు పైగా వజ్రాలున్నా ఇంటావిడ ముక్కుపుడకకు ఒక్కటైనా ఇచ్చాడో లేదో!

1948లో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాడు. మైసూరు మహారాజా ఇచ్చిన నేల అది. ప్రభుత్వాల దగ్గర చెయ్యి చాచకూడదని, ఊరూరా తిరిగి విరాళాలు అడిగాడు. ఆ నేలలో ఆయన ముందు వేసినవి చెట్లు. ఎప్పుడు ఏ చెట్టు పూస్తుందో చూసుకుని, ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూస్తూ ఉండేలా. గులాబీల తోట వేశాడు, ఆ గులాబీల రంగు మన కంటికి ఎలా తెలుస్తుందని ముసలితనంలో పరిశోధన చేశాడు. ఇక దూరప్రయాణాలు తగ్గిపోయాయి. ఋతువులే ఆ తోటలోకి వచ్చి వెళ్లేవి. పొద్దున్నా సాయంత్రం ఆయన చెట్ల కింద నడిచేవాడు. జీవితమంతా ఆదివారాలు కూడా ఇంట్లో ఉండని మనిషికి చివరికి ఇల్లూ పనీ ఒకే తోటలో కలిశాయి.

1954లో భారతరత్న ఇచ్చారు. ఏటా అక్టోబర్ 2న గాంధీ స్మారక ఉపన్యాసం ఇచ్చే అలవాటు పెట్టుకున్నాడు. చివరిది 1970లో. విషయం ఏమిటంటే, చెవికి శబ్దం ఎలా వినబడుతుంది అని. వీణ వినడంతో మొదలైన సంసారం కదా! ఆ నెలలోనే జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. అక్కడ పోవడం ఇష్టం లేదు, తోటకు తీసుకెళ్లిపొమ్మన్నాడు. పోయే రెండు రోజుల ముందు కూడా మంచం చుట్టూ సంస్థ పెద్దల్ని కూర్చోబెట్టుకుని పనులన్నీ అప్పజెప్పాడు. 1970 నవంబర్ 21 తెల్లవారుజామున కన్నుమూశాడు. ఆయన కోరినట్టే తోటలోనే దహనం చేశారు, పూజలు తంతులు ఏమీ లేకుండా. ఆ చోట రాయి కట్టలేదు, చెట్టు నాటారు.

లోకసుందరి గారు ఆ తర్వాత పదేళ్లు ఉన్నారు. పాత సంగతులు అడిగినవాళ్లకు ఓపిగ్గా చెప్పేవారు. కలకత్తా కాపురం గురించి ఈ రోజు మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆవిడ చెప్పిందే. ఆయన కాంతిని లెక్కగట్టుకుంటూ కూర్చుంటే, ఆయన ఏ పూట తిన్నాడో ఏ పూట మరిచిపోయాడో గుర్తుపెట్టుకున్నది ఆవిడ. 1980 మేలో ఆవిడ కూడా వెళ్లిపోయారు. చిన్నబ్బాయి రాధాకృష్ణన్ తండ్రి పెట్టిన సంస్థకే 1972 నుంచి 1994 దాకా డైరెక్టరుగా ఉన్నాడు. ఈయన శాస్త్రం నక్షత్రాల రేడియో తరంగాలు. అందులో ఆయనా పేరు మోసినవాడే.

ఇదంతా చదివి, మొన్న ఒక ఆదివారం శ్రీవారిని బతిమాలి యారాడ తీసుకెళ్లాను. కొండ మీద మలుపు తిరిగి సముద్రం కనబడగానే పోలరాయిడ్ కళ్లద్దాల సంగతి చెప్పాను. అక్కడే తప్పు చేశాను. బీచిలో దిగిన దగ్గర్నుంచి అద్దం అటు తిప్పి, ఇటు తిప్పి, మెడ వంచి, ఒంటికాలి మీద నించుని ఒకటే చూడ్డం. పక్కనున్న పిల్లలందర్నీ పోగేసి వాళ్లకీ చూపించారు. ఈలోగా నేను కొన్న రెండు పొట్లాల మురీ మిక్చర్ గాలికి మెత్తబడిపోయింది. ఒకటి నేనే తిన్నాను, రెండోది ఇంటికి తెచ్చాను.